అంగుళం వదులు

ఫిబ్రవరి 4

కొలతల పుస్తకంలో ముందు పేజీలు జనానివి, వెనక పేజీలు నావి. ఇరవై ఏళ్లుగా ఇదే ఏర్పాటు. పని లేని వేళ కొట్టు షట్టర్ సగం దించి, పుస్తకం వెనక నుంచి తెరిచి రాసుకుంటాను. టైలర్ కొలతల పుస్తకాన్ని ఎవడు తిరగేస్తాడు?

అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగి మనుషులు ఇరుక్కుంటే ఈవిడగారు వెళ్లి దింపాలట. ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. ఆరేళ్లప్పుడే నా కుట్టుమిషన్ విప్పి, మళ్లీ బిగించి, ఒక స్క్రూ మిగిల్చింది. ఆ స్క్రూ లేకుండానే మిషన్ ఇప్పటికీ నడుస్తోంది. అప్పటినుంచి ఇంట్లో దాని పేరు రెంచీ.

కానీ త్వరగా వెళ్లాలి కాబట్టి కంపెనీ మోటార్‌సైకిల్ ఇస్తుందట. మార్చి ఒకటిన చేరాలట.

మోటార్‌సైకిల్ అన్న మాట వినగానే కంచం ముందు నుంచి లేచాను.

ఫిబ్రవరి 5

మాట్లాడలేదు. చెప్పాల్సింది వాళ్లమ్మకు చెప్పాను.

ఫిబ్రవరి 9

మా ఆవిడకు విసుగొచ్చింది. "ఒకే గదిలో కూర్చుని మధ్యలో నన్ను పోస్ట్‌మాన్‌ని చేశారు తండ్రీకూతుళ్లు" అంది. "ఫ్యాన్ తగ్గించమని మీ అమ్మాయికి చెప్పు" అన్నాను. అమ్మాయి లేచి తగ్గించి, "సరిపోయిందేమో మీ ఆయన్నడుగమ్మా" అంది. నవ్వొచ్చింది. నవ్వలేదు.

నేను మాట్లాడకపోతే ఉద్యోగం వద్దనుకుంటుందని నా ఆశ. మొండితనం ఎవరి దగ్గర నేర్చుకుందో తెలిసి కూడా.

బండి కంపెనీదే అయినా హెల్మెట్టు, జాకెట్టు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట. బండి వాళ్లది, తలకాయ మనది.

బీరువా మీంచి అన్నయ్య హెల్మెట్ దించాను. అన్నయ్య పోయి ఇరవై రెండేళ్లయింది. ఒక్క గీత లేదు. ఎందుకుంటుంది? ఆ రోజు అది బండి హ్యాండిల్‌కి వేలాడుతోంది. "పక్క వీధికే కదరా" అన్నాడు నాతో. సాయంత్రం పోలీసాయన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. చల్లగా ఉంది. లోపల ఇంకా కొత్త వాసన పోలేదు.

ఇన్నాళ్లూ అందులో దారం రీళ్లు వేసుకున్నాను. ఖాళీ చేసి తడిగుడ్డతో తుడిస్తే నిగనిగలాడింది. ఇది ఇస్తే సరిపోతుంది.

నేను ఒప్పుకున్నట్టు కాదు. ఇంట్లో ఉన్న వస్తువు వాడుకుంటే మంచిదని.

ఫిబ్రవరి 11

హెల్మెట్ల షాపుకి వెళ్లాను. పట్టీకి బకిల్ తుప్పు పట్టింది, మార్పిద్దామని, అంతే.

షాపావిడకు యాభై ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన జుట్టు. నడుస్తుంటే ఒక కాలు కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎడమ భుజం అరంగుళం దిగువ. ఈవిడకి కోటు కుడితే ఆ వైపు ప్యాడ్ పెట్టాలి అనుకున్నాను. మనిషిని చూస్తే ముందు భుజాలే కనిపించడం నా జబ్బు. ఒకప్పుడు ఆవిడ రేసులు నడిపిందట.

అన్నయ్య హెల్మెట్ తీసుకుని, లోపలి గుడ్డ పక్కకు జరిపి, బొటనవేలితో నొక్కింది. బల్ల మీద తెల్లటి పొడి రాలింది.

"ఇది పోయి చాలా ఏళ్లయింది మాస్టారూ" అంది.

"గీత కూడా లేదమ్మా."

"పైన గీత లేదు, లోపల సత్తువ లేదు. వాడినా వాడకపోయినా వీటికీ వయసొస్తుంది."

కౌంటర్ కింద నుంచి ఇంకొక హెల్మెట్ తీసింది. నిలువునా సగానికి కోసినది, కొనేవాళ్లకు చూపించడానికి. పైన పలచటి గట్టి పెంకు. దాని లోపల రెండు వేళ్ల మందాన తెల్లటి పదార్థం, టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్‌కి అన్నలాంటిది. లోపల మెత్తటి గుడ్డ.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. దెబ్బ తగిలినప్పుడు ఈ తెల్లది నలుగుతుంది. నలగడమే దీని పని. అది నలిగే ఆ రెప్పపాటులో తల కాస్త నెమ్మదిగా ఆగుతుంది. తల బదులు ఇది పోతుంది. ఒక్కసారే. తర్వాత పారెయ్యాలి."

కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను. జీవితమంతా చిరగకుండా ఉండేవే కుట్టాను. ఊడకపోతే గొప్ప, నలగకపోతే గొప్ప. ఒకే ఒక్క రెప్పపాటు కోసం ఏళ్లతరబడి తల మీద కూర్చుని, వంతు రాగానే మనిషి బదులు తాను నలిగిపోయే వస్తువు ఒకటుందని నాకు ఇవాళే తెలిసింది. ఆ కోసిన సగాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. బరువే లేదు. ఇంత తేలికది అంత పని ఎలా చేస్తుందో ఇప్పటికీ అంతుపట్టడం లేదు.

అన్నయ్యది మళ్లీ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 13

జాకెట్ అమ్మాయి తనే కొనుక్కొచ్చింది, అదే షాపులో. ఎవరూ చూడకుండా మేకు మీంచి తీసి చూశాను. ఏ దరిద్రుడు కత్తిరించాడో! చేతులు రెండంగుళాలు పొడుగు. వీపు పొడుగు, ముందు పొట్టి. నా దగ్గర పనివాడు ఇలా కోస్తే కత్తెర లాక్కునేవాణ్ని. చేతులు తగ్గించి ఇద్దామని కవర్లో పెట్టి కొట్టుకి తెచ్చాను.

విప్పబోతూ కుట్టు చూశాను. భుజానికి, మోచేతికి మూడేసి వరసలు. బయటికి ఒకటే కనిపిస్తుంది, మిగతా రెండూ లోపల దాక్కున్నాయి. భూతద్దం పెట్టి చూసుకుంటూ పోయాను. ఒక్క కుట్టు తప్పలేదు. ఇలాంటి చెయ్యి ఉన్నవాళ్లు చేతులు ఎందుకు పొడుగు పెట్టారు?

నిలదీద్దామని షాపావిడ దగ్గరకే తీసుకెళ్లాను. ఆవిడ నవ్వి, అలాంటిదే నా సైజుది తొడిగించి, మూలన స్టాండ్ వేసి ఉన్న బండి ఎక్కమంది. "నాకెందుకమ్మా" అన్నాను. "ఎక్కండి మాస్టారూ, అదేం కరవదు" అంది. హ్యాండిల్ పట్టుకుని వంగాను. అద్దంలో చూస్తే చేతుల అంచు కరెక్టుగా మణికట్టు దగ్గర ఆగింది. వీపు నడుము కిందికి దిగి కప్పింది. ముందువైపు ఒక్క ముడత లేదు. మోచేతి ప్యాడ్ ఎముక మీదికి వచ్చి కూర్చుంది.

ముప్పై ఏళ్లుగా నేను నిలబడ్డ మనుషులకే కుట్టాను. వంగి కూర్చున్న మనిషికి, అందులోనూ పడబోయే మనిషికి, ఒక కత్తిరింపు ఉంటుందని నాకు తోచనే లేదు.

ఇంటికొచ్చి జాకెట్‌ని అదే మేకుకి, అదే వాటంగా తగిలించాను.

ఫిబ్రవరి 14

హెల్మెట్ కొన్నాను.

"అమ్మాయిని తీసుకురండి. తల లేకుండా హెల్మెట్ అమ్మను" అంది షాపావిడ. కూతురితో మాటల్లేవని పరాయి మనిషికి ఎలా చెప్పను? "కొలతుందమ్మా. కొలతలు తీసే బతికాను, నన్ను నమ్మరా?" అన్నాను. కిందటేడు వానకోటుకి టోపీ కుట్టినప్పటి కొలత, తల చుట్టూ ఇరవై రెండు అంగుళాలు.

"అయితే చిన్న సైజు" అని ఒకటి తీసింది. లోపల చెయ్యి పెట్టి చూస్తే మరీ బిగుతు. "బుగ్గలు నొక్కుకోవాలి మాస్టారూ, అలాగే ఉండాలి" అంది.

అమ్మేవాళ్లు దగ్గరున్నదాన్ని అంటగట్టడానికి సవాలక్ష చెబుతారు. ఏ కొలతకైనా అంగుళం వదులు వెయ్యాలి. మనిషన్నాక ఊపిరి పీల్చాలి, తినాలి, నవ్వాలి. గురువుగారు మొదటిరోజు నేర్పిన పాఠం అది. వదులు వెయ్యనివాడు చొక్కా కాదు, బ్యాండేజీ కుడతాడు అనేవారు. "ఒక సైజు పెద్దదివ్వండి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఇంటికెళ్లాక పిల్లకి పెట్టి, రెండు చేతులతో పట్టుకుని పక్కకి తిప్పండి. దాంతోపాటు తల తిరగాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగితే వెనక్కి తెచ్చెయ్యండి, మార్చిస్తాను" అంది. సరేనన్నాను.

మా ఆవిడ చేతికిచ్చి "మీ అమ్మాయికివ్వు" అన్నాను. తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. తర్వాత మా ఆవిడ వచ్చి, "ఏడుస్తోంది" అంది.

"దేనికట?"

"మీకే తెలియాలి."

ఫిబ్రవరి 15

హాయిగా ఉందట. "చాలా హాయిగా ఉందని చెప్పమ్మా" అంది, నాకు వినపడేలా. కొలత ఎక్కడికి పోతుంది?

తిప్పి చూడమన్న సంగతి గుర్తుంది. తిప్పాలంటే దగ్గరికెళ్లాలి, ఏదో ఒకటి మాట్లాడాలి. హాయిగా ఉందంటోంది కదా.

మార్చి 1

చేరింది. పరదా సర్దుతున్నట్టు నిలబడి చూశాను. జాకెట్, చేతి గ్లవ్స్, చీలమండ దాటిన బూట్లు, నేను తెచ్చిన హెల్మెట్. మా పిల్లేనా అనిపించింది. బండి తిప్పుతూ ఒకసారి కిటికీ వైపు చూసింది. పరదా వదిలేశాను.

మార్చి 2

ఏడున్నరకి వచ్చింది.

మార్చి 3

ఆరుంబావుకి.

మార్చి 4

ఎనిమిదయింది. ఎక్కడో ముగ్గురు ఇరుక్కుపోయారట. అందులో ఒకాయన పెళ్లిచూపులకు వెళ్తున్నాడట. తర్వాత ఏమైందో చెప్పబోతుంటే వాళ్లమ్మ "ముందు తిను" అని అడ్డం పడింది. అడిగే హక్కు నాకు లేదాయె. ఆ పెళ్లిచూపులు ఏమయ్యాయో ఇప్పటికీ తెలియదు.

మార్చి 8

తలకి స్కార్ఫ్ రెండు మడతలు చుట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకుంటోంది. ఎండకి కాబోలు.

మార్చి 12

ఇవాళా స్కార్ఫ్. పొద్దుటినుంచి మబ్బుగానే ఉంది. జుట్టు పాడవకుండా అయ్యుంటుంది.

మార్చి 17

బతికుంది. ముందు ఇది రాసుకోవాలి. బతికుంది, లేచి కూర్చుంది, నీళ్లు తాగింది.

మలుపులో ఇసుక మీద బండి జారిందట. మా ఆవిడకి ఫోనొచ్చింది. కత్తెర చేతిలో పట్టుకునే ఆసుపత్రి దాకా వెళ్లానని అక్కడ వాచ్‌మన్ ఆపి చెప్పేదాకా నాకు తెలియలేదు.

మంచం అంచున కూర్చుని కాళ్లు ఊపుతోంది, చిన్నప్పుడు నా కటింగ్ బల్ల మీద కూర్చుని ఊపినట్టే. ఎడమ కనుబొమ్మ పైన నాలుగు కుట్లు. దగ్గరికెళ్లి చూశాను. సమానంగా, ముడులన్నీ ఒకే వైపుకి. నలభై ఒక్క రోజుల తర్వాత నా కూతురితో నేనన్న మొదటి మాట, "ఎవరు కుట్టారు?"

"డ్యూటీ డాక్టరు నాన్నా. బాగా కుట్టాడా?"

"బాగానే కుట్టాడు" అన్నాను. తలంతా ఫొటోలు తీశారు, లోపల ఏమీ కాలేదన్నారు. రెండు వారాలు ఇంట్లోనే ఉండమన్నారు.

మార్చి 18

షట్టర్ పూర్తిగా దించి లోపల కూర్చున్నాను. ఆసుపత్రివాళ్లిచ్చిన సంచిలో జాకెట్ ఉంది. ఎడమ భుజం మీద గుడ్డ రోడ్డుకి రాసుకుని అట్టలా అయింది. మూడు వరసల్లో బయటిది తెగింది. లోపలి రెండూ అలాగే ఉన్నాయి. ఆ రెండు వరసల వెనక నా కూతురి భుజం ఉంది. గ్లవ్స్ చూశాను. అరచేతి కింద కుట్టిన తోలుముక్క అరిగి తెల్లబడింది. పడేటప్పుడు మనిషి ముందు చెయ్యే ఆనిస్తాడని తెలిసినవాళ్లెవరో ఆ ముక్క అక్కడ వేశారు.

వాళ్లెవరో, ఏ మిషన్ ముందు కూర్చుని ఇవి కుట్టారో. వాళ్లకి నా కూతురి మొహం తెలియదు. ఒక్క కుట్టు తప్పకుండా కుట్టి, దారం తెంపి, ఇంకోటి అందుకుని ఉంటారు. ఈ వృత్తి ఇంత పెద్దదని నాకు తెలియదు. జాకెట్ బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

హెల్మెట్ సంచిలోనే ఉంది. తియ్యలేదు.

మార్చి 19

"స్కార్ఫ్ దేనికి కట్టుకునేదానివి?" అని అడిగాను.

"ఎండకి."

"మబ్బురోజు కూడానా?"

కాసేపు దుప్పటి అంచు మడతపెట్టింది. "హెల్మెట్ కొంచెం వదులుగా ఉండేది నాన్నా. పడ్డప్పుడు పైకి లేచిపోయి నుదురు బయటపడింది. మిగతా దెబ్బంతా అదే తీసుకుందిలే."

"హాయిగా ఉందన్నావు కదే!"

"పది రోజులు నువ్వు నా మొహం చూడలేదు. తర్వాత అది పంపించావు. బాగాలేదు, మార్చుకొస్తానంటే మళ్లీ ఎన్నాళ్లు మాట్లాడవో అనిపించింది."

లేచి వచ్చేశాను. షాపావిడ చెప్పింది, తిప్పి చూడమని. రెండు చేతులు చాస్తే అయిపోయే పని. మాట్లాడాల్సొస్తుందని చాచలేదు. డాక్టరు వేశాడని రాసుకున్నాను గానీ ఆ నాలుగు కుట్లూ నేను వేసినవే.

మార్చి 20

ఇవాళ ఏమీ రాయను.

మార్చి 24

కుట్లు విప్పారు. సన్నటి గీత మిగిలింది. ఉద్యోగం గురించి మా ఆవిడ కదిపింది. "మానేస్తావా?" అని నేనూ అడిగాను. అడగడం తప్పు కాదు కదా.

"భయంగానే ఉంది నాన్నా. మానను" అంది.

మార్చి 28

ఇద్దరం కలిసి షాపుకి వెళ్లాం. నేనే సంచిలోంచి హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాను. షాపావిడ గుడ్డ జరిపి నా చెయ్యి పట్టుకుని లోపల పెట్టించింది. వెనకవైపు ఒకచోట బొటనవేలు దిగేంత గుంట.

"ఇదిగో, ఇక్కడ నలిగింది. వదులుదైనా పట్టీ బిగించుకుంది కాబట్టి ఊడిపోకుండా ఉండి, దాని పని అది చేసింది."

ఆ గుంటలోంచి వేలు తియ్యబుద్ధి కాలేదు. అంత లోతు దెబ్బ. అది ఇక్కడ ఆగింది. "ఇది నలగకపోతే..." అన్నాను.

"ఆ మాట వద్దు మాస్టారూ" అంది ఆవిడ.

తర్వాత చిన్న సైజుది తీసి, పట్టీలు రెండు వైపులా లాగి పట్టుకుని, అమ్మాయి తలకి దించింది. బుగ్గలు ఉబ్బి, పెదాలు ముందుకొచ్చి, పసిపిల్ల మొహమైపోయింది. "మీరు తిప్పండి" అంది నాతో.

రెండు చేతులు చాచి పట్టుకుని పక్కకి తిప్పాను. హెల్మెట్‌తోపాటు తల తిరిగింది, చర్మం లాక్కుంది, కళ్లు నా కళ్లలోకి వచ్చాయి. ఇటు తిప్పాను, ఇటొచ్చింది. అటు తిప్పాను, అటెళ్లింది. పుట్టిన రోజున నర్సు చేతిలో పెట్టినప్పుడు తప్ప ఈ తలని ఇలా రెండు చేతులతో పట్టుకున్నట్టు గుర్తు లేదు.

"ఇప్పుడు నిజం చెప్పు. హాయిగా ఉందా?"

"లేదు నాన్నా. చచ్చేంత బిగుతుగా ఉంది."

"మంచిది" అన్నాను.

అరగంట అలాగే పెట్టుకుని షాపులో తిరగమంది షాపావిడ. ఎక్కడా ఒకేచోట నొప్పి పుట్టకపోతే అదే తనదని. అమ్మాయి తిరుగుతుండగా, "ఇంకోటి కావాలమ్మా" అన్నాను. "ఎవరికి?" "వెనక కూర్చునేవాడికి." ఆవిడ నా తల చుట్టూ టేపు పెట్టింది. ముప్పై ఏళ్లలో నాకు ఒకరు కొలత తియ్యడం ఇదే. వదులు వెయ్యమని అడగలేదు.

అన్నయ్య హెల్మెట్ కూడా తీసుకెళ్లాను. "దీన్ని కొయ్యడానికి పనికొస్తుందా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి తీసుకుంది. సగానికి కోసి, కొత్తదాని సగం పక్కనే పెడుతుందట. హ్యాండిల్‌కి తగిలించుకు తిరిగేవాళ్లు వస్తే దాని కథ చెబుతానంది. చెప్పమన్నాను. ఇరవై రెండేళ్ల తర్వాత అన్నయ్య హెల్మెట్ మొదటిసారి పనిలో చేరింది.

ఏప్రిల్ 5

అమ్మాయి వెనక కూర్చున్నాను.

మొదటి మలుపులో బండి పక్కకి వాలింది. నేను ప్రాణభయంతో అవతలి వైపుకి వాలాను. అమ్మాయి బండి ఆపి, హెల్మెట్ అద్దం పైకెత్తి, "నాన్నా, నువ్వు బండితో గొడవ పడుతున్నావు. నేను ఎటు వాలితే అటే వాలు" అంది. రెండో మలుపులో కళ్లు మూసుకుని వాలాను. మూడోదానికి తెరిచాను. రోడ్డంతా ఒక పక్కకి లేచి, మళ్లీ నెమ్మదిగా సర్దుకుంది. ఇంత బరువైన ఇనుముని, వెనక ఇంత బరువైన తండ్రిని పెట్టుకుని, భుజం కాస్త దించి తిప్పేసింది. ఎవరు నేర్పారు దీనికి?

ఊరి చివర దాకా వెళ్లకముందే ఫోనొచ్చింది. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఆగిందట, లోపల ఒక పెద్దావిడ ఒక్కతే ఉందట. ఆదివారం డ్యూటీ తనది కాదు, కానీ దగ్గర్లో ఉన్నది తనే. "నిన్ను ఇక్కడ దింపనా?" అంది. "పద" అన్నాను.

మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగింది. అమ్మాయి హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టి, "నాన్నా, ఈ తలుపు దగ్గరే ఉండు. నేను పైకెళ్లి కరెంటు ఆపి, చేత్తో చక్రం తిప్పి దింపుతాను. నేనొచ్చేదాకా ఆవిడతో మాట్లాడుతూనే ఉండు, ఆపకు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది.

మాట్లాడే పని నాకు అప్పజెప్పింది.

"ఎవరూ? ఎవరైనా ఉన్నారా?" లోపలినుంచి సన్నటి గొంతు.

"ఉన్నామమ్మా. కంగారు పడకండి."

"లైటు కూడా పోయింది బాబూ. ఊపిరాడనట్టుంది."

"కింద కూర్చోండమ్మా. గాలి వస్తూనే ఉంటుంది. లైటు మావాళ్లే ఆపారు, దింపడానికి."

"నువ్వేనా బాగుచేసేది?"

"నేను టైలర్నమ్మా. మా అమ్మాయి చేస్తోంది. పైనుంది."

"ఆడపిల్లా?" అంది. "పడేస్తుందేమో!"

"పడెయ్యదమ్మా. ఆరేళ్లప్పుడు నా కుట్టుమిషన్ విప్పి బిగించింది. ఇప్పటికీ నడుస్తోంది." స్క్రూ సంగతి చెప్పలేదు.

లోపల చిన్న నవ్వు వినపడింది. అప్పుడే తలుపు వెనక ఏదో కదిలింది. లిఫ్టు కిందికి రావడం మొదలుపెట్టింది, జానెడు, మళ్లీ జానెడు. పైన ఎక్కడో నా కూతురు చేత్తో తిప్పుతోంది. తిప్పినంత మేర ఒక మనిషి చీకట్లోంచి దిగుతోంది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఆ నిలబడటంలో తెలియకుండానే హెల్మెట్ లోపల చెయ్యి పెట్టాను. బుగ్గలు ఆనిన చోట గుడ్డ కొద్దిగా నొక్కుకుని ఉంది, చెమటతో తడిగా ఉంది. లోపలంతా ఇంకా వెచ్చగా ఉంది. ఆ రోజు పోలీసాయన నా చేతిలో పెట్టింది చల్లగా ఉంది.

"బాబూ, ఉన్నావా? మాట్లాడవేం?" అంది లోపలి పెద్దావిడ.

"ఉన్నానమ్మా, ఇక్కడే ఉన్నాను" అన్నాను.

అమ్మాయి దిగి వచ్చి తాళంచెవితో తలుపు తీసింది. పెద్దావిడ బయటికొచ్చి, దాని నల్లటి గ్రీజు చేతుల్ని వదలకుండా పట్టుకుంది. అమ్మాయి ఆవిడకి నీళ్లు తెప్పించి, కుర్చీలో కూర్చోబెట్టి, నా వైపు తిరిగి చెయ్యి చాచింది.

"నాన్నా, హెల్మెట్."

చల్లారకముందే ఇచ్చేశాను.